ఒంటరి తీర్పు, బ్యాక్‌లాగ్ పోస్టు
జస్టిస్ కోకా సుబ్బారావు గారి జీవితం నుంచి మన యువతకు

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో తెల్లవారుజామున దిగే మన పిల్లలను మేము ఏళ్లుగా చూస్తున్నాం. ఉట్నూరు గూడేల నుంచి, మహబూబాబాద్ తండాల నుంచి, భద్రాచలం ఏజెన్సీ నుంచి వస్తారు. భుజాన బ్యాగు, చేతిలో హాల్‌టికెట్టు, కళ్లలో నిద్ర. రైల్వే పరీక్ష కొందరికి, గ్రూప్స్ కొందరికి, బ్యాంకు పరీక్ష ఇంకొందరికి. ఏ నోటిఫికేషన్ వచ్చినా వాళ్ల వేలు ముందు ఎస్టీ కాలమ్ మీదికే పోతుంది. అక్కడ కొన్నిసార్లు ఇంకో మాట కనబడుతుంది: బ్యాక్‌లాగ్ పోస్టులు.

ఆ మాట అందరికీ తెలుసు. దాని వెనుక ఎంత కొట్లాట జరిగిందో తెలిసినవాళ్లు తక్కువ. పోయినేడు మన కోటాలో నిండని ఉద్యోగం ఈ ఏడు కూడా మనకోసమే ఉండాలా, లేక చేజారిపోవాలా అన్న ప్రశ్న 1963లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. అయిదుగురు జడ్జీలు విన్నారు. నలుగురు ఆ పద్ధతి చెల్లదన్నారు. ఒక్కరు మాత్రం చెల్లుతుందని రాశారు. ఆ ఒక్కరు మన తెలుగువారు, జస్టిస్ కోకా సుబ్బారావు గారు.

ఆయన గిరిజనుడు కాదు. మన ఉద్యమాల్లో పాల్గొన్నవారూ కాదు. అయినా ఈ సంచికలో ఆయనకు చోటు ఇవ్వడానికి కారణం ఆ ఒంటరి తీర్పే. అలాగని ఆయన రాసిన ప్రతిదీ మనకు మేలు చేసిందని చెప్పబోవడం లేదు. మేలునూ చెబుతాం, చిక్కునూ చెబుతాం. బేరీజు వేసుకోవడం మీ వంతు.

గోదావరి ఒడ్డు నుంచి గుంటూరు దాకా

సుబ్బారావు గారు 1902 జూలై 15న రాజమహేంద్రవరంలో పుట్టారు. ఊళ్లోని ప్రభుత్వ కళాశాలలో చదువుకుని, మద్రాసు లా కాలేజీలో న్యాయశాస్త్రం పూర్తిచేశారు. తెలుగు జిల్లాలన్నీ మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజులవి. పెద్ద కోర్టు కావాలంటే మద్రాసుకే పోవాలి. ఆయన కూడా అక్కడే మామగారి దగ్గర వకీలు పని నేర్చుకున్నారు. ఆ మామగారు తర్వాత హైకోర్టు జడ్జి అయ్యారు. బావమరిది పి.వి. రాజమన్నార్ మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. అంటే ఆయనకు దారి చూపే పెద్దలు ఇంట్లోనే ఉన్నారు. మన పిల్లల్లో ఎక్కువమందికి అటువంటి ఇల్లు లేదు. ఈ తేడాను గుర్తుంచుకోండి, ముందుముందు ఆయన తీర్పులో ఇదే ప్రశ్న వస్తుంది.

మధ్యలో కొన్నాళ్లు ఆయన బాపట్లలో జిల్లా మునసబుగా పనిచేశారు. బాపట్ల పక్కనే స్టువార్టుపురం ఉంది. నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి ఉంచిన సెటిల్‌మెంటు అది. ఏ తప్పూ చేయకపోయినా, ఆ కులంలో పుట్టినందుకే పోలీసుల ముందు హాజరు వేయించుకోవలసిన కాలం. ఆ చట్టం 1952లో గాని పోలేదు. ఆ ఊరితో ఆయనకు సంబంధం ఉందని మేము అనడం లేదు. ఆయన పనిచేసిన నేల మీద మన వాళ్ల బతుకు ఎలా ఉండేదో మీకు తెలియాలని రాస్తున్నాం.

1948లో ఆయన మద్రాసు హైకోర్టు జడ్జి అయ్యారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాజధాని కర్నూలుకు వెళితే, హైకోర్టు గుంటూరుకు వచ్చింది. 1954 జూలైలో మొదలైన ఆ హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి సుబ్బారావు గారే. కొత్త రాష్ట్రం, కొత్త కోర్టు. అంతా మొదటి నుంచి కట్టుకోవలసిన పని.

మూసీ ఒడ్డున

1956 నవంబరులో తెలంగాణ, ఆంధ్ర కలిసి ఆంధ్రప్రదేశ్ అయినప్పుడు గుంటూరు హైకోర్టు హైదరాబాదుకు తరలింది. మూసీ ఒడ్డున నిజాం కాలంలో కట్టి, 1920లో ప్రారంభించిన ఎర్రరాతి భవనం అందరూ చూసిందే. సికింద్రాబాద్ నుంచి అఫ్జల్‌గంజ్ వైపు బస్సెక్కి మూసీ దాకా పోతే కనబడుతుంది. అక్కడ ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మొదటి ప్రధాన న్యాయమూర్తిగా కూర్చున్నదీ ఆయనే.

హైకోర్టు అంటే ఏమిటో మన పిల్లలకు ఒక మాట చెప్పాలి. కింది కోర్టులో న్యాయం జరగలేదనుకున్నవాళ్లు అప్పీలుకు పోయేది అక్కడికే. ప్రభుత్వం ఇచ్చిన జీవో మన హక్కును తొక్కిందనుకుంటే రిట్ వేసేదీ అక్కడే. ఐటీడీఏ ఆఫీసు చుట్టూ తిరిగి అలసిపోయిన మనిషికి ఆ తర్వాత తలుపు తట్టే చోటు అది.

1958 జనవరి 31న సుబ్బారావు గారు సుప్రీంకోర్టు జడ్జిగా ఢిల్లీ వెళ్లారు. హైదరాబాదులో ఉన్నది ఏడాదికి పైగా మాత్రమే. కాని మనం ఆయన్ను గుర్తుపెట్టుకోవలసిన పని ఢిల్లీలో మొదలైంది.

అర్ధరాత్రి తలుపు తట్టే పోలీసు

ముందుగా ఒక కేసు. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే మనిషి మీద దోపిడీ కేసు పెట్టారు. సాక్ష్యం లేక వదిలేశారు. వదిలేసినా పోలీసులు అతని పేరున చిట్టా తెరిచారు. రాత్రిళ్లు వచ్చి తలుపు కొట్టడం, ఎక్కడికి పోతున్నాడో ఆరా తీయడం, ఇంటి మీద కన్నేసి ఉంచడం. అతను సుప్రీంకోర్టుకు వెళ్లాడు.

1962 డిసెంబరులో తీర్పు వచ్చింది. రాత్రిపూట ఇంటికి రావడం తప్పని జడ్జీలందరూ ఒప్పుకున్నారు. కాని మిగతా నిఘా తప్పు కాదని, గోప్యత అనే హక్కు రాజ్యాంగంలో లేదని ఎక్కువమంది అన్నారు. సుబ్బారావు గారు, జస్టిస్ షా కలిసి వేరుగా నిలిచారు. రాజ్యాంగంలో ఆ మాట రాసి లేకపోయినా మనిషి స్వేచ్ఛలో గోప్యత ఒక భాగమేనని, వెంటాడే కళ్ల కింద తిరిగేవాడు స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు కాదని సుబ్బారావు గారు వాదించారు. మొత్తం నిఘా నిబంధననే కొట్టివేయాలన్నారు.

ఆ రోజు ఆయన ఓడిపోయారు. 55 ఏళ్ల తర్వాత, 2017 ఆగస్టులో, తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కే అని ఏకగ్రీవంగా చెప్పింది. నాటి అల్పసంఖ్యాక తీర్పే సరైనదని ఒప్పుకుంది. ఏజెన్సీ ఊళ్లలో పుట్టిన మనకు, పాత కాలంలో నేరస్థుల ముద్ర మోసిన కుటుంబాలకు, ఆ తీర్పు విలువ వేరే చెప్పాలా?

రెండు గుర్రాల పందెం

ఇక మన కేసు. దాని పేరు దేవదాసన్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా.

ఆ రోజుల్లో కేంద్ర ఉద్యోగాల్లో ఎస్సీలకు పన్నెండున్నర శాతం, ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ ఉండేది. అవి 15, ఏడున్నర శాతం అయింది 1970లో. కాగితం మీద కోటా ఉన్నా అభ్యర్థులు దొరకలేదంటూ పోస్టులు మిగిలిపోయేవి. బడులే లేని గూడేల నుంచి అభ్యర్థులు ఎక్కడ దొరుకుతారు? అందుకే ప్రభుత్వం ఒక నియమం పెట్టింది. ఈ ఏడు నిండని రిజర్వు పోస్టులను తర్వాతి రెండేళ్ల కోటాకు కలుపుకుంటూ పోవచ్చు. ఆంగ్లంలో దాన్నే క్యారీ ఫార్వర్డ్ అన్నారు.

లెక్క వేసి చూడండి. ఏటా 100 పోస్టులు ఉన్నాయనుకుందాం. రిజర్వు అయినవి సుమారు 18. మొదటి ఏడు ఎవరూ రాకపోతే రెండో ఏడు 36. అప్పుడూ రాకపోతే మూడో ఏడు 54. అంటే మూడో ఏడు సగం దాటుతుంది. కాని మూడేళ్లూ కలిపి చూస్తే 300లో 54 మాత్రమే, అంటే అదే 18 శాతం. చూపు ఒక ఏడాది మీద పెడితే ఎక్కువ అనిపిస్తుంది, మూడేళ్ల మీద పెడితే న్యాయంగానే ఉంటుంది. గొడవంతా ఇక్కడే.

కేంద్ర సచివాలయంలో ఒక పరీక్ష తర్వాత 45 నియామకాల్లో 29 ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు వెళ్లాయి. అక్కడే పనిచేస్తున్న దేవదాసన్ దీన్ని సవాలు చేశారు. 1963 ఆగస్టు 29న తీర్పు వచ్చింది. ఏ ఏడాదికి ఆ ఏడాదే లెక్క చూడాలని, సగం మించితే మిగతావారి సమాన అవకాశం పోతుందని నలుగురు జడ్జీలు అన్నారు. క్యారీ ఫార్వర్డ్ నియమాన్ని కొట్టేశారు.

సుబ్బారావు గారు ఒక్కరే విడిగా రాశారు. ఆయన చూపిన ఉదాహరణ మన పిల్లలకు తేలికగా అర్థమవుతుంది. పందెంలో రెండు గుర్రాలను నిలబెట్టారు. ఒకటి మేలుజాతి పందెపు గుర్రం, ఇంకోటి మామూలు గుర్రం. రెంటినీ ఒకే గీత మీద నిలిపి పరుగెత్తమంటే పైకి సమానంగానే కనబడుతుంది. నిజానికి మామూలు గుర్రానికి అవకాశం ఇవ్వనట్టే. బలమైనదాని మీద కొంత బరువు పెట్టినా, దాన్ని కాస్త వెనక నుంచి మొదలుపెట్టించినా అప్పుడే అది నిజమైన పందెం అవుతుంది, లేకపోతే నాటకం.

ఈ పోలికతో పాటు చట్టపరంగా ఇంకో మాట కూడా చెప్పారు. రాజ్యాంగం 16వ అధికరణలో మొదటి భాగం అందరికీ సమాన అవకాశం అంటుంది. నాలుగో భాగం వెనుకబడిన వర్గాలకు రిజర్వేషన్ ఇవ్వవచ్చు అంటుంది. చాలామంది దృష్టిలో నాలుగో భాగం ఒక మినహాయింపు, అంటే దయతలచి విప్పిన చిన్న సందు. సుబ్బారావు గారు అలా కాదన్నారు. అది మిగతా భాగాలకు లోబడని అధికారమని, వెనుకబడినవారికి సమానత్వం చేతికందే మార్గమని అన్నారు. రిజర్వేషన్ అంటే ఎవరో వేసే భిక్షం అనుకునే పిల్లలు మన హాస్టళ్లలో ఇప్పటికీ ఉన్నారు. తోటివాళ్లు ఎత్తిపొడిస్తే తల దించుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లందరూ ఈ మాట తెలుసుకోవాలి.

ఒంటరి మాట రాజ్యాంగంలోకి

కోర్టులో ఓడిన తీర్పు ఫైలులో పడి ఉంటుంది. కాని దాన్ని తర్వాతివాళ్లు చదువుతారు.

1975లో కేరళ కేసు ఒకటి, ఎన్.ఎం. థామస్ కేసు, ఏడుగురు జడ్జీల ముందుకు వచ్చింది. రిజర్వేషన్ సమానత్వానికి మినహాయింపు కాదు, దాని రూపమే అన్న ఆలోచనను అక్కడ ఎక్కువమంది జడ్జీలు అందుకున్నారు. 1980లో రైల్వేల వంతు వచ్చింది. రైల్వే ఉద్యోగాల్లో ఎస్సీ, ఎస్టీలకు ఇచ్చిన రిజర్వేషన్, క్యారీ ఫార్వర్డ్ ఉత్తర్వులను కొందరు సవాలు చేస్తే సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది. ఆ ధర్మాసనంలో జస్టిస్ కృష్ణయ్యర్‌తో పాటు మన తెలుగు జడ్జి ఒ. చిన్నప్పరెడ్డి గారు ఉన్నారు. దక్షిణ మధ్య రైల్వే కేంద్రం మన సికింద్రాబాదే. ఇక్కడి రైలు నిలయంలో, లాలాగూడ వర్క్‌షాపులో బంధువులెవరైనా పనిచేస్తుంటే ఆ తీర్పు గురించి వాళ్లతో ఒకసారి మాట్లాడండి.

1992లో ఇంద్రా సాహ్ని కేసులో తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం కూడా నాలుగో భాగం మినహాయింపు కాదన్న వాదనను ఒప్పుకుంది. కాని అదే తీర్పులో రిజర్వేషన్లు మామూలుగా 50 శాతం దాటకూడదని, పాత బాకీ పోస్టులు కలిపినా ఆ గీతే అని చెప్పింది. దాంతో 1997లో కేంద్రం ఉత్తర్వు మార్చింది. బ్యాక్‌లాగ్ పోస్టుల భర్తీ చిక్కుల్లో పడింది.

అప్పుడు పార్లమెంటు కదిలింది. 2000లో 81వ రాజ్యాంగ సవరణ వచ్చింది. గతంలో నిండని రిజర్వు పోస్టులను వేరే కోవగా చూడవచ్చని, ఈ ఏటి 50 శాతంలో వాటిని కలపనక్కరలేదని 16వ అధికరణలో కొత్తగా రాశారు. 1963లో నలుగురు కాదన్న పద్ధతికి 37 ఏళ్ల తర్వాత రాజ్యాంగంలోనే చోటు దొరికింది. నోటిఫికేషన్‌లో బ్యాక్‌లాగ్ అన్న మాట చూసినప్పుడు ఈ ప్రయాణం గుర్తు చేసుకోండి.

భూమి దగ్గర చిక్కు

ఇప్పుడు రెండో వైపు. 1966 జూన్ 30న సుబ్బారావు గారు భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆ పదవి ఎక్కిన మొదటి తెలుగువారు ఆయనే. మళ్లీ ఒక తెలుగువారు, జస్టిస్ ఎన్.వి. రమణ గారు, అక్కడికి చేరడానికి 2021 దాకా పట్టింది.

1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసు తీర్పు వచ్చింది. పంజాబ్‌లోని జలంధర్‌లో గోలక్‌నాథ్ కుటుంబానికి 500 ఎకరాలకు పైగా భూమి ఉండేది. భూసంస్కరణ చట్టం కింద ఒక్కొక్కరికి 30 ఎకరాలే ఉంచుకోవచ్చనడంతో వాళ్లు కోర్టుకు వచ్చారు. 11 మంది జడ్జీలు విన్నారు. ఆరుగురు ఒకవైపు, అయిదుగురు మరోవైపు. ప్రాథమిక హక్కులను తగ్గించే అధికారం పార్లమెంటుకు కూడా లేదని సుబ్బారావు గారి పక్షం తేల్చింది. ఆ రోజుల్లో ఆస్తి హక్కు కూడా ప్రాథమిక హక్కే. అయితే తీర్పు ఇకముందుకే వర్తిస్తుందని, అప్పటికే అమలైన భూసంస్కరణలు చెల్లుతాయని కూడా రాశారు.

పెద్ద రైతుల పక్షాన నిలిచారని అప్పట్లో ఆయన మీద విమర్శ వచ్చింది. ఆ విమర్శను మనం కొట్టిపారేయలేం. భూమి లేని మనిషికి భూమి దక్కాలంటే ఎవరి ఆస్తినో ముట్టుకోవాలి. మన ఏజెన్సీ సంగతే చూడండి. గిరిజన భూములు గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా 1959లో ఒక నిబంధన, 1970లో దాన్ని గట్టిచేస్తూ మనమంతా వన్ ఆఫ్ సెవెంటీ అని పిలిచే నిబంధన వచ్చాయి. దాన్ని సవాలు చేసినవాళ్లు కూడా హక్కుల పేరుతోనే కోర్టుకెక్కారు. 1988లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది కాబట్టి సరిపోయింది.

అలాగని గోలక్‌నాథ్ తీర్పులో మనకు పనికొచ్చేది ఏమీ లేదనలేం. అధికారంలో ఉన్నవాళ్లకు ఎంత మెజారిటీ ఉన్నా మనిషి హక్కుకు ఒక కంచె ఉంటుందన్నది దాని సారం. 1973లో కేశవానంద భారతి కేసులో గోలక్‌నాథ్ తీర్పును పక్కనపెట్టారు. అయినా రాజ్యాంగపు మౌలిక స్వరూపాన్ని మార్చకూడదన్న గీత మాత్రం గీశారు. ఆస్తి హక్కు 1978 సవరణతో ప్రాథమిక హక్కుల జాబితా నుంచి పోయింది. కంచె నిలిచింది. ప్రాజెక్టు కోసమో గని కోసమో గూడెం ఖాళీ చేయమన్నప్పుడు మనం నిలబడేది ఆ కంచె దగ్గరే.

జడ్జి కుర్చీ నుంచి ఓట్ల బరిలోకి

అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో జడ్జీలను, అప్పీలు కోర్టు జడ్జీలను సైతం, ప్రజలు ఓట్లేసి ఎన్నుకుంటారు. మన దేశంలో ఆ పద్ధతి లేదు. జడ్జిని నియమిస్తారు, ఆయన ఓటు అడగడు. సుబ్బారావు గారి జీవితంలో మాత్రం ఓట్లు అడిగే రోజు వచ్చింది.

జూలైలో పదవీ విరమణ ఉండగా, మూడు నెలల ముందే, 1967 ఏప్రిల్ 11న ఆయన రాజీనామా చేశారు. ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి ఎన్నికకు నిలబడ్డారు. ముందురోజే ఇంకో పెద్ద తీర్పు వచ్చింది. విదేశాలకు వెళ్లడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని, పాస్‌పోర్టు ఇవ్వడం మానడం అధికారి ఇష్టం కాదని అందులో తేల్చారు. ఆ ఏడాదే పాస్‌పోర్టు చట్టం వచ్చింది.

ఆయన మీద పోటీ చేసింది డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారు. ఆయన పుట్టింది మన హైదరాబాదులోనే. ఎంపీలు, ఎమ్మెల్యేలు 1967 మే 6న ఓటేశారు. జాకిర్ హుస్సేన్ గారికి 4,71,244, సుబ్బారావు గారికి 3,63,971 విలువగల ఓట్లు వచ్చాయి. సుబ్బారావు గారు ఓడిపోయారు.

ప్రధాన న్యాయమూర్తి కుర్చీలో ఉన్న మనిషి తిన్నగా రాజకీయ పార్టీల అభ్యర్థి కావచ్చా అని చాలామంది అడిగారు. అది అడగవలసిన ప్రశ్నే. అంతకుముందు రాసిన తీర్పులనూ జనం అనుమానంగా చూసే ప్రమాదం ఉంది. జడ్జి న్యాయంగా ఉంటే చాలదు, ఉన్నట్టు కనబడాలి కూడా. ఈ విషయంలో ఆయన్ను ఆదర్శంగా చూపలేం.

1976 మే 6న ఆయన కన్నుమూశారు. ఎన్నిక జరిగిన తేదీకి సరిగ్గా తొమ్మిదేళ్లు.

మన పని

మన టీచర్ పోస్టుల సంగతి మీరు మరిచి ఉండరు. షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో నంబరు 3, 2000 జనవరిలో వచ్చింది. దాన్ని నమ్ముకుని ఎందరో బీఈడీలు, డీఈడీలు చదివారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం నూటికి నూరు శాతం చెల్లదని దాన్ని కొట్టేసింది. ఆ తీర్పు ఏకగ్రీవం. మన పక్షాన ఒక్క విడి తీర్పు కూడా లేదు.

1963లో కనీసం ఒక్కరున్నారు. ఆ ఒక్కరి మాటను పట్టుకునే తర్వాతి లాయర్లు వాదించారు, తర్వాతి జడ్జీలు దారి వెతికారు. 2020లో ఆ ఒక్కరూ లేకపోవడం మనకు జరిగిన రెండో నష్టం.

ఆ కుర్చీ దాకా మన పిల్లలు ఎందుకు పోకూడదు? ఇంజనీరింగ్‌కో నర్సింగ్‌కో పోటీపడుతున్నట్టే లాసెట్‌కూ, క్లాట్‌కూ కూర్చోండి. ఉస్మానియాలో, కాకతీయలో న్యాయశాస్త్రం చదవండి. జూనియర్ సివిల్ జడ్జి నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఎస్టీ కాలమ్ ఖాళీగా పోనివ్వకండి. అక్కడ మిగిలిన పోస్టు కూడా బ్యాక్‌లాగే అవుతుంది.

మీలో చదువుకునే ఓపిక ఉన్నవారికి చివరగా ఒక పని. దేవదాసన్ కేసులో సుబ్బారావు గారు విడిగా రాసిన భాగం ఏ లా కాలేజీ గ్రంథాలయంలోనైనా దొరుకుతుంది. అర్థం కాని చోట లాయరు అన్ననో అక్కనో అడగండి. చదివాక మన వారాంతపు సమావేశంలో మన భాషలోనే, కోయలోనో గోండిలోనో లంబాడీలోనో, తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ చెప్పండి. వినడానికి మేము ముందు వరుసలో కూర్చుంటాం.